ఇసుక మీద వేసిన నింద

ఇంజను చెడి ఎడారిలో దిగిపోయిన విమానచోదకుడి దగ్గరికి ఎక్కడినుంచో ఒక పసివాడు వచ్చి, గొర్రెపిల్ల బొమ్మ గీసిపెట్టమని అడుగుతాడు. ‘లిటిల్ ప్రిన్స్’ చదివినవాళ్లకు ఆ ఘట్టం మనసులోంచి పోదు. 1943లో అచ్చయిన ఆ పుస్తక రచయిత ఆంత్వాన్ ద సెయింట్ ఎగ్జుపెరీకి ఎడారిలో ఇంజను చెడటం ఊహించుకుని రాయవలసిన సంగతి కాదు. ఆయన స్వయంగా టపా విమానాలు నడిపినవాడు. సహారా ఎడారి వచ్చి అట్లాంటిక్ సముద్రంలో కలిసే తీరంలో, 1920లలో, ఆయన తోటి పైలట్లు కూలారు, బందీలయ్యారు, చనిపోయారు. ఆ చావుల గురించి అప్పటి నుంచీ వినిపిస్తున్నది ఒకటే మాట: ఎడారి మింగేసింది. వినడానికి గంభీరంగా ఉన్నా ఆ మాట నిజం కాదని నా వాదన. ఇసుక అక్కడ యుగాలుగా ఉంది. దాని మీదుగా ఏ యంత్రాన్ని పంపాలి, ఏ వేళకు పంపాలి, కింద ఉన్నవాళ్లను అడిగి పంపాలా అడక్కుండా పంపాలా అన్నవి మనుషులు తీసుకున్న నిర్ణయాలు. ప్రమాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, చావుకు కారణం దాదాపు ప్రతిసారీ ఆ నిర్ణయాల్లోనే కనిపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఫ్రాన్సు దగ్గర విమానాలూ పైలట్లూ అవసరానికి మించి మిగిలిపోయారు. తూలూజ్ నగరంలో విమానాల కర్మాగారం ఉన్న పియెర్ జార్జ్ లాతెకోయెర్ వాటితో ఉత్తరాలు మోయించవచ్చని లెక్క వేశాడు. 1918 డిసెంబరు 25న తూలూజ్ నుంచి బార్సిలోనాకు తొలి ప్రయాణం జరిగింది. మరుసటి ఏడు మొరాకో దాకా టపా వెళ్లింది. అక్కడినుంచి ఫ్రెంచివారి వలస రాజధాని డాకర్ దాకా, ఆ తర్వాత సముద్రం దాటి దక్షిణ అమెరికా దాకా అన్నది ఆయన ఆలోచన. 1923 మే నెలలో కెప్టెన్ జోసెఫ్ రోయిగ్ నాయకత్వంలో విమానాలు కాసాబ్లాంకా నుంచి డాకర్ వెళ్లి దారి చూసి వచ్చాయి. 1925 జూన్ 1న సర్వీసు మొదలైంది. రమారమి 2,800 కిలోమీటర్ల దూరం. అగాదిర్, కేప్ జుబీ, విల్లా సిస్నెరోస్, పోర్ట్ ఎతియెన్, సెయింట్ లూయి, డాకర్: మజిలీలు ఇవే. కేప్ జుబీ నుంచి విల్లా సిస్నెరోస్‌కు సుమారు 550 కిలోమీటర్లు. మధ్యలో ఊరు లేదు, తీగ లేదు, దీపం లేదు. ఎడమ పక్క ఇసుక, కుడి పక్క సముద్రం, రెండింటి మధ్య నురగ గీసిన తెల్లని గీత. పైలట్‌కు దిక్కు చూపేది ఆ గీతే. ఓడకంటే రోజుల ముందు ఉత్తరం చేరుతుంది కాబట్టి ఫ్రెంచి ప్రభుత్వం కంపెనీకి సబ్సిడీ ఇచ్చేది. టపా వేళకు చేరకపోతే ఆ ఏర్పాటుకు అర్థం లేదు. లైనును నడిపిన దిదియే దోరాకు వేళ తప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఈ దారిలో తిప్పిన విమానం బ్రెగే 14. యుద్ధంలో బాంబులు వేయడానికీ శత్రువు కదలికలు కనిపెట్టడానికీ 1916లో తయారైన రెండు అంతస్తుల రెక్కల విమానం. పైలట్ కూర్చునే చోటుకు పైకప్పు లేదు. రేడియో లేదు. ఒకటే ఇంజను, 300 అశ్వశక్తి రెనో. దానికి రేడియేటర్‌లో నీళ్లు పోసి చల్లబరచాలి. యుద్ధ రంగంలో అది మంచి యంత్రమే. కానీ యుద్ధ విమానం గంటో రెండు గంటలో తిరిగి సొంత గడ్డ మీద దిగుతుంది, మెకానిక్ చేతిలో పడుతుంది. టపా విమానం అలా కాదు. గంటకు 120, 130 కిలోమీటర్ల వేగంతో, వేడిలో, ఇసుక ధూళిలో, నాలుగేసి గంటలు ఏకబిగిన నడవాలి. పిస్టన్‌ను క్రాంక్ షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ విరగడం ఆ పైలట్లకు నిత్యభయం. అది విరిగితే గాలిలో చేయగలిగింది లేదు, దిగిపోవాల్సిందే. దీనికి తోడు ఆ తీరానికొక విచిత్ర స్వభావం ఉంది. ఎడారి అనగానే మనం నిప్పులు చెరిగే ఎండను ఊహిస్తాం. అక్కడ తీరం వెంబడి ఉత్తరం నుంచి చల్లని కెనరీ ప్రవాహం పారుతుంది. ఆ చల్లని నీటి మీదికి వచ్చిన గాలి పొగమంచుగా మారి ఒడ్డును కప్పేస్తుంది. పైలట్ నమ్ముకున్న తెల్లని గీత మాయమవుతుంది. లోపలి నుంచి తూర్పు గాలి వీస్తే ఇసుక లేచి ఆకాశం పచ్చబడుతుంది. ఇవన్నీ ఎడారి గుణాలే కదా, మరి ఎడారిది తప్పు కాదంటారేమిటి అని అడగవచ్చు. పొగమంచును తెచ్చింది తీరమే, కాదనను. అయితే దాని సంగతి నావికులకు వందల ఏళ్లుగా తెలుసు. తెలిసిన అపాయంలోకి రేడియో లేని, ఒంటి ఇంజను విమానాన్ని పంపడం వేరే సంగతి.

కంపెనీకి కూడా ఈ లోపం తెలుసు. అందుకే ఒక నియమం పెట్టింది: టపా విమానం ఒంటరిగా వెళ్లకూడదు, వెంట రెండోది ఉండాలి. ఒకటి దిగిపోతే రెండోది పక్కనే దిగి మనుషుల్నీ సంచుల్నీ ఎక్కించుకుపోవాలి. ఇంజను చెడదన్న భరోసా ఉన్నవాళ్లెవరూ రెండు విమానాల ఖర్చు పెట్టుకోరు కనుక, ఆ నియమమే ఒక ఒప్పుకోలు. 1926 నవంబరులో ఆ నియమం ఎంత దూరం పనిచేస్తుందో తేలిపోయింది. కేప్ జుబీకి దక్షిణాన పైలట్ గూర్ విమానం చెడి దిగింది. నియమం ప్రకారం అతని సహచరుడు ఎరాబ్ల్ తన విమానాన్ని పక్కనే దించాడు. తుపాకులు పట్టుకున్న మూర్లు, అంటే ఆ ఎడారి తెగలవాళ్లు, వచ్చి కాల్చారు. ఎరాబ్ల్, అతనితో ఉన్న స్పెయిన్ దేశపు మెకానిక్ పింతాదో అక్కడికక్కడే చనిపోయారు. కాలికి గుండు తగిలిన గూర్‌ను ఒంటె మీద వేసి ఎడారిలో తిప్పారు. గాయం కుళ్లిపోయింది. సొమ్ము కట్టి విడిపించి కాసాబ్లాంకా ఆసుపత్రికి చేర్చినా బతకలేదు. చెడింది ఒక ఇంజను, పోయింది ముగ్గురు మనుషులు. సాయానికి దిగిన విమానమే మరో ఇద్దరిని తుపాకుల ముందుకు తెచ్చింది. వెంట వెళ్లిన పైలట్ సాహసానికి చేతులెత్తి మొక్కుతాను. ఆ సాహసం మీద ఆధారపడి నడిపిన వ్యవస్థను మాత్రం మెచ్చుకోలేను. అదే ఏడు ఇదే లైనులోని మరో పైలట్ మెర్మోజ్ కూడా ఇంజను చెడి దిగి, మూర్ల చేతికి చిక్కి, సొమ్ము చెల్లించాక బయటపడ్డాడు.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. చంపింది ఇంజను కాదు కదా, తుపాకీ కదా? ఆ తుపాకీ పట్టినవాడి క్రూరత్వాన్ని వదిలి కంపెనీ లెక్కలు తవ్వడమేమిటి? ఈ ప్రశ్నను దాటేసి పోవడం నాకిష్టం లేదు. ఎరాబ్ల్‌నూ పింతాదోనూ కాల్చినవాళ్లు చేసింది హత్యే. మూర్ల గుడారాల్లో బానిసలు ఉండేవారు. వారిలో ఒకడికి పైలట్లు డబ్బు పోగుచేసి స్వేచ్ఛ కొనిపెట్టిన సంగతి సెయింట్ ఎగ్జుపెరీయే రాశాడు. ఆ సమాజాన్ని అందంగా చూపే పని నాది కాదు. కానీ బందీని పట్టి సొమ్ము అడగడం విమానంతో పుట్టిన అలవాటు కాదు. 1815లో జేమ్స్ రైలీ అనే అమెరికన్ కెప్టెన్ ఓడ ‘కామర్స్’ ఇదే తీరంలో పగిలిపోయింది. ఒడ్డుకు చేరిన నావికులు బానిసలయ్యారు. ఒక అరబ్బు వర్తకుడు రైలీనీ కొందరు సహచరులనూ కొని ఉత్తరాదికి తీసుకుపోతే, మొగడార్ రేవులో బ్రిటిష్ ప్రతినిధి విలియం విల్‌షైర్ సొమ్ము చెల్లించి విడిపించాడు. రైలీ తన కష్టాలను 1817లో పుస్తకంగా అచ్చు వేయించాడు. అంటే విమానం రాకకు వందేళ్ల ముందే ఆ తీరంలో ఏం జరుగుతుందో అచ్చులో ఉంది. సముద్రం ఒడ్డున పడేసిన దాని మీద ఒడ్డువాళ్లకు హక్కు ఉంటుందన్నది వారి పాత లెక్క. ఆకాశం పడేసినదాన్ని కూడా అదే ఖాతాలో రాసుకున్నారు.

పాత అలవాటుకు కొత్త పగ తోడైంది. ఆ ఎడారిలో షేక్ మా అల్ ఐనైన్ కట్టించిన స్మారా పట్టణాన్ని 1913లో ఫ్రెంచి సైన్యం వచ్చి ధ్వంసం చేసింది. విమానాలు తిరగడం మొదలైన 1925లోనే ఉత్తరాన రిఫ్ కొండల్లో ఫ్రాన్సూ స్పెయినూ కలిసి తిరుగుబాటు నాయకుడు అబ్దుల్ కరీం మీద యుద్ధం చేస్తున్నాయి. ఆకాశం నుంచి బాంబులు పడుతున్నాయి. ఆ బాంబులు వేసినవాటిలో బ్రెగే 14లూ ఉన్నాయి. నేల మీద నిలబడి తల పైకెత్తిన మనిషికి టపా సంచి కనబడదు. కనబడేది ఆ రెక్కలూ ఆ ఇంజను మోతానే. తనను కొట్టే యంత్రం, ఉత్తరాలు మోసే యంత్రం ఒకే అచ్చులో పోసినట్టుంటే అతడు ఏమనుకోవాలి? హత్యకు ఇది సమర్థన కాదు, జరగవచ్చని ముందే తెలియవలసిన సంగతి మాత్రమే. ఆ సంగతి తెలిసినవాళ్లు తూలూజ్‌లోనూ పారిస్‌లోనూ ఉన్నారు. తెలిసీ అదే విమానాన్ని పంపారు.

పోనీ అనుమతి తీసుకున్నారా అంటే, తీసుకున్నది స్పెయిన్ దగ్గర. పటం మీద ఆ తీరం స్పెయిన్‌ది, రియో ద ఓరో అని పేరు. నేల మీద చూస్తే స్పెయిన్ ఉన్నది మూడే మూడు చోట్ల: కేప్ జుబీ, విల్లా సిస్నెరోస్, లా గువేరా. కోట గోడ దాటితే ఆ సైనికులకే రక్షణ లేదు. ఆ మూడు చుక్కల మధ్య ఉన్న నేల ఇజర్గీన్, ఉలాద్ దెలీమ్, రెగిబాత్ తెగలది. వారితో మాట్లాడాలని రోయిగ్ మొదట్లోనే ప్రయత్నించాడు. అయినా చివరికి మిగిలిన ఏర్పాటు ఒక్కటే. విమానంలో ఒక మూర్ దుబాసీని ఎక్కించుకోవడం. విమానం కూలితే ఎదురుగా వచ్చే తుపాకులతో మాట్లాడవలసింది అతడే. పైలట్ ఎదుర్కొన్న ప్రతి అపాయం అతనిదీ. ఇంజను ఆగితే ఇద్దరూ కలిసే పడతారు. పైలట్ల పేర్లు వీధులకు పెట్టారు, తపాలా బిళ్లల మీద వేశారు. వెనక సీటులో కూర్చున్న ఈ మనుషుల్లో చాలామందికి చరిత్రలో పేరే లేదు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

మాటతో ఏం సాధించవచ్చో ఒక్క మనిషి చూపించాడు. 1927 అక్టోబరులో సెయింట్ ఎగ్జుపెరీని కేప్ జుబీ మజిలీకి అధిపతిగా పంపారు. స్పెయిన్ కోట పక్కన చెక్కలతో కట్టిన షెడ్డులో ఆయన ఏడాదికి పైగా ఉన్నాడు. తన మొదటి నవల ‘సదరన్ మెయిల్’ రాసింది అక్కడే. రాతబల్ల కోసం పీపాల మీద తలుపు చెక్క పరుచుకున్నాడట. అరబ్బీ నేర్చుకున్నాడు. గుడారాలకు వెళ్లి టీ తాగాడు, పెద్దలను విమానంలో తిప్పాడు, స్పెయిన్ అధికారుల అనుమానాలను చల్లార్చాడు. ఎక్కడ విమానం దిగిపోయినా వెతుక్కుంటూ వెళ్లాడు. ఫ్రెంచివారినే కాదు, ఎడారిలో చిక్కుకున్న స్పెయిన్ విమానచోదకులనూ కాపాడాడు. ఆ సేవకు ఫ్రాన్సు 1930లో లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. అయితే మాట అన్నిసార్లూ గెలవలేదు. 1928 జూన్ చివర పైలట్ మార్సెల్ రెన్, రేడియో ఇంజనీరు ఎదువార్ సెర్ పొగమంచులో కూలి, రెగిబాత్‌ల చేతిలో పడి, దాదాపు నాలుగు నెలలు ఎడారిలో బందీలుగా ఉన్నారు. సెయింట్ ఎగ్జుపెరీ ఎంత ప్రయత్నించినా వెంటనే విడిపించలేకపోయాడు. నా వాదనకు ఇది ఎదురు సాక్ష్యమని కొందరు అనవచ్చు. నాకలా అనిపించదు. కోట పక్కన ఉండే తెగలతో ఆయన స్నేహం కుదిరింది, లోపలి ఎడారిలో తిరిగే తెగలతో అంత స్నేహం కుదరలేదు. అయినా ఆ ఇద్దరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. 1926 నాటి ముగ్గురు బతకలేదు.

ఇంకో అభ్యంతరం మరింత సులువుగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో విమానమంటేనే మృత్యువుతో ఆట, ఏ దేశంలోనైనా పైలట్లు పోయారు, పైగా వీళ్లంతా తెలిసి, కోరి వచ్చినవాళ్లు. నిజమే, ఇష్టపడి వచ్చారు. కానీ కోరి వచ్చాడు కాబట్టి నాసిరకం యంత్రం ఇవ్వవచ్చునా? బొగ్గు గనిలోకి దిగేవాడు కూడా తెలిసే దిగుతాడు. కప్పు కూలితే గనిని అడగమా, యజమానిని అడుగుతామా? యంత్రం మారితే ఏం జరిగిందో కూడా చూడాలి. 1927 నుంచి లాతెకోయెర్ 26 రకం విమానాలు వచ్చాయి. ఎక్కువ బలమున్న ఇంజను, ఎక్కువ దూరం, పైగా రేడియో. ఆ అక్టోబరు 10న మెర్మోజ్, మరో పైలట్ నెగ్రెన్ అలాంటి విమానంలోనే తూలూజ్ నుంచి సెనెగల్‌లోని సెయింట్ లూయికి ఎక్కడా దిగకుండా ఒకే దూకులో వెళ్లారు. ఎడారి అలాగే ఉంది, ఒక్క ఇసుక దిబ్బ కదల్లేదు, ఆ ప్రయాణంలో కేప్ జుబీలో దిగవలసిన అవసరమే లేకుండా పోయింది. మంచి యంత్రం రాగానే అపాయం తీరిపోయిందని మాత్రం చెప్పను. కంపెనీ ఆ బలాన్ని భద్రతకు కాక వేగానికి ఖర్చుపెట్టింది. పగటిపూట సంపాదించిన గంటలు రాత్రి ఆగితే పోతున్నాయని రాత్రిళ్లు కూడా ఎగరమన్నది. 1929 జనవరి చివర, మొగడార్ దగ్గర, రాత్రి పొగమంచులో, అనుభవజ్ఞుడైన లెక్రివెన్, అతని రేడియో ఆపరేటర్ ద్యుకో సముద్రంలో కలిసిపోయారు. వాళ్లు ఎక్కింది లాతెకోయెర్ 26నే. అక్కడ మూర్లు లేరు, తుపాకీ లేదు. ఉన్నవి తీరం, రాత్రి, వేళకు చేరాల్సిన టపా.

వాదన ఒక్క తీరంతో నిలబడదు, ఇంకొకటి పక్కన పెట్టి చూడాలి. మనకు దగ్గరదే ఒకటుంది. లండన్ నుంచి కరాచీ వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ టపా దారి మొదట పర్షియా తీరం వెంట, లింగే, జాస్క్ మీదుగా ఉండేది. అదీ ఎడారి తీరమే. పర్షియా తాను ఇచ్చిన అనుమతి గడువు పొడిగించనన్నాక 1932 అక్టోబరులో దారి అరబ్బు ఒడ్డుకు మారింది. అందుకోసం షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్‌తో లిఖితపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు. విమానాలు దిగే చోటుకు అద్దె, ప్రయాణికులు రాత్రి పడుకోవడానికి కోటలాంటి విడిది, దానికి షేక్ పంపే తుపాకీ కాపలాదారులు. అద్దె చెల్లింది రూపాయల్లో. అప్పట్లో గల్ఫు ఒడ్డున చెలామణీ అయ్యేది మన రూపాయే. అదే అక్టోబరులో టాటా టపా విమానం కరాచీ నుంచి బొంబాయికి, అక్కడినుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు మొదలైంది కాబట్టి, ఆ కోట ముందు ఆగిన సంచుల్లో తెలుగు జిల్లాలకు రావలసిన ఉత్తరాలూ ఉండే ఉంటాయి. ఆ ఒప్పందం సమానుల మధ్య కుదిరింది కాదు. ఒప్పుకోని షేకుల మీద బ్రిటిష్ యుద్ధనౌకల ఒత్తిడి ఉంది. అయినా ఎవరి నేలో వారిని అడిగారు, బాడుగ కట్టారు. సహారా తీరంలో విమానాన్ని పట్టుకున్న తుపాకీ షార్జాలో విమానానికి కాపలా కాసింది. ఈనాడు షార్జాలో పని చేసుకుంటున్న తెలుగువాళ్లు ఆ పాత విడిదిని మ్యూజియంగా చూడవచ్చు. ఇక ఒప్పందం చేయలేనిది కూడా ఇక్కడే ఉంది. 1940 మార్చి 1న నాలుగు ఇంజన్ల ‘హానిబాల్’ విమానం జాస్క్ నుంచి షార్జాకు వస్తూ ఒమాన్ సింధుశాఖ మీద ఎనిమిది మందితో అదృశ్యమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో మంత్రిగా పనిచేసిన జస్టిస్ పార్టీ నాయకుడు సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం అందులోనే ఉన్నారు. ఎందుకు కూలిందో ఇప్పటికీ తేలలేదు. కారణం తెలియని ప్రమాదాన్ని నా వాదనకు వాడుకోను, దాన్ని విడిగానే ఉంచుతాను.

కారణాన్ని చాలావరకు ఊహించగలిగినది ఇంకొకటి ఉంది. 1936 డిసెంబరు 7 తెల్లవారుజామున మెర్మోజ్ మరో నలుగురితో కలిసి డాకర్ నుంచి బ్రెజిల్‌కు బయల్దేరాడు. విమానం నాలుగు ఇంజన్ల లాతెకోయెర్ 300, పేరు ‘క్రువా ద్యు సుద్’. కాసేపటికే వెనుదిరిగి వచ్చి, ప్రొపెల్లర్ సరిగా లేదు, వేరే విమానం ఇవ్వమని అడిగాడు. సిద్ధంగా ఉన్న విమానం లేదు. హడావుడిగా బాగుచేశారు. టపా ఆలస్యం కాకూడదని ఏడు గంటలు కాకముందే మళ్లీ అదే విమానంలో ఎగిరాడు. 10 గంటల 47 నిమిషాలకు రేడియోలో చివరి సందేశం వచ్చింది: వెనక కుడివైపు ఇంజను ఆపేస్తున్నాం. ఆ తర్వాత విమానమూ దొరకలేదు, ఆ అయిదుగురూ దొరకలేదు.